కేంబ్రిడ్జ్ కాలేజీలో తొలి ఫార్మల్ డిన్నర్: బుకింగ్ నుంచి బంతి లేచేదాకా

అక్టోబరు మొదటి వారంలో కేంబ్రిడ్జ్‌లో దిగుతారు. పెట్టెలు ఇంకా విప్పకముందే కాలేజీ నుంచి మెయిల్ వస్తుంది. ఫలానా రోజు సాయంత్రం మెట్రిక్యులేషన్ డిన్నర్ (కొత్తగా చేరినవాళ్ళకి కాలేజీ ఇచ్చే విందు), గౌను (బట్టల మీద తొడుక్కునే వదులైన పొడుగు అంగీ) తప్పనిసరి, తిండి విషయంలో మీ నియమాలేమైనా ఉంటే ఫారంలో రాయండి అని. మన పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ కత్తులూ ఫోర్కులూ మనవల్ల కాదులే అనో, శాకాహారులం మనకి అక్కడ ఏం పెడతారు అనో, మందు తాగకపోతే ఏమనుకుంటారో అనో, మొత్తానికి గదిలో రైస్ కుక్కర్ పెట్టుకుని పప్పన్నం తినేసి పడుకుంటారు. ఏడాది మాస్టర్స్ పూర్తయ్యేదాకా ఒక్క ఫార్మల్‌కి కూడా వెళ్ళకుండా ఇంటికి తిరిగొచ్చినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ హాల్లో మీ కుర్చీ మీ కాలేజీ జీవితంలో భాగం, దాన్ని భయంతో వదులుకోవాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు.

నేను అక్కడ చదివిన రోజుల్లో చాలా ఫార్మల్స్‌కి వెళ్ళాను. నాకు అర్థమైంది ఒకటే. ఈ విందులో కష్టమైన పనంతా ముందు రోజుల్లోనే ఉంటుంది. బుకింగ్, తిండి ఫారం, బట్టలు ఈ మూడూ సరిగ్గా చూసుకుంటే బల్ల దగ్గర చేయాల్సింది చాలా తక్కువ. ఆ తక్కువలో కూడా సగం, పెళ్ళి బంతుల్లో కూర్చుని పెరిగిన మనకి ఎప్పుడో తెలిసినదే.

ముందు ఇదేమిటో చూద్దాం

కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో 31 కాలేజీలున్నాయి. పాఠాలు, పరిశోధన డిపార్ట్‌మెంట్లలో జరుగుతాయి. ఉండటం, తినడం, తోటివాళ్ళతో కలవడం కాలేజీలో. ప్రతి కాలేజీకీ ఒక భోజనశాల ఉంటుంది, దాన్ని హాల్ అంటారు. మామూలు రోజుల్లో అది క్యాంటీన్‌లాగే నడుస్తుంది, ట్రే పట్టుకుని వరసలో నిలబడతారు. ఫార్మల్ రోజు అదే హాల్లో కొవ్వొత్తులు వెలుగుతాయి, గౌన్లు వేసుకుని కూర్చుంటాం, మూడు వరసల భోజనం బల్ల దగ్గరికే వస్తుంది. మొదట స్టార్టర్, తర్వాత మెయిన్, చివర తీపి. హాల్ చివర కాస్త ఎత్తు మీద అడ్డంగా వేసిన బల్ల హై టేబుల్, అక్కడ కాలేజీ ఫెలోలు, అంటే అధ్యాపకులు, వాళ్ళ అతిథులు కూర్చుంటారు. డార్విన్, వుల్ఫ్‌సన్‌లాంటి కొన్ని కాలేజీల్లో హై టేబులే ఉండదు, అందరూ కలిసి కూర్చుంటారు. ఆక్స్‌ఫర్డ్‌లోనూ డర్హమ్‌లోనూ ఇదే పద్ధతి కాస్త తేడాలతో ఉంటుంది కాబట్టి అక్కడికి వెళ్ళేవాళ్ళకి కూడా ఇందులో ఎక్కువ భాగం పనికొస్తుంది.

మొదటి పని: బుకింగ్

మెట్రిక్యులేషన్ డిన్నర్‌కి కాలేజీయే పిలుస్తుంది. ఆ తర్వాతి ఫార్మల్స్‌కి మీరే కాలేజీ వెబ్‌సైటులో బుక్ చేసుకోవాలి. కొన్ని కాలేజీల్లో వారానికి ఒకటి రెండు, కొన్నింటిలో దాదాపు రోజూ ఉంటాయి. ఖర్చు కాలేజీని బట్టి, మెనూని బట్టి మారుతుంది, అతిథిని తీసుకెళితే వాళ్ళ టికెట్టు మీదాని కంటే ఎక్కువ ఉంటుంది. చాలా కాలేజీల్లో డబ్బు అప్పటికప్పుడు కట్టక్కర్లేదు, టర్మ్ చివర వచ్చే కాలేజీ బిల్లులో కలుస్తుంది, అందుకే లెక్క రాసుకోవడం మంచిది. లేకపోతే డిసెంబరులో ఆ బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది.

బుకింగ్ సాధారణంగా విందుకి కొన్ని రోజుల ముందే మూసేస్తారు. ఆ తర్వాత రద్దు చేసుకున్నా డబ్బు పోతుంది. అందుకే టర్మ్ మొదలవగానే తేదీలు చూసి క్యాలెండర్‌లో పెట్టుకోండి. కేంబ్రిడ్జ్ టర్ములో పాఠాలు నడిచేది ఎనిమిది వారాలే, చూస్తుండగానే అయిపోతాయి.

పోస్ట్‌గ్రాడ్యుయేట్ విద్యార్థుల సంఘాన్ని చాలా కాలేజీల్లో ఎం.సి.ఆర్. అంటారు. వాళ్ళ మెయిళ్ళు తప్పకుండా చదవండి, చెత్తలోకి తోసేయకండి. వేరే కాలేజీ వాళ్ళతో ఇచ్చిపుచ్చుకునే విందులు, అంటే స్వాప్‌లు వాళ్ళే పెడతారు, ఒక వారం మీరు వాళ్ళ హాల్‌కి, ఇంకోవారం వాళ్ళు మీ హాల్‌కి. 1284లో పెట్టిన పీటర్‌హౌస్ కాలేజీ హాల్లో ఒక రాత్రి, 20వ శతాబ్దంలో కట్టిన చర్చిల్ కాలేజీ హాల్లో ఇంకో రాత్రి భోంచేసే వీలు ఇలాగే దొరుకుతుంది. నా సలహా, మొదటి ఫార్మల్ మాత్రం మీ సొంత కాలేజీలోనే చేయండి, తెలిసిన ముఖాలు నాలుగుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండో పని: తిండి ఫారం (దీన్ని అసలు తేలిగ్గా తీసుకోవద్దు)

నా మొదటి ఫార్మల్‌కి ఫారంలో వెజిటేరియన్ అని టిక్కు పెట్టి ఊరుకున్నాను. మెయిన్‌గా వచ్చింది కూరగాయల టార్ట్, చూడటానికి ఎంతో బాగుంది, కోసి చూస్తే లోపలంతా గుడ్డు. మా ఇంట్లో గుడ్డు తినం. తీపి ఏమిటని అడిగితే అందులో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జిగురు) ఉందన్నారు. ఆ రాత్రి బ్రెడ్డూ వెన్నా తిని గదికొచ్చాను. గుడ్డు విషయంలో తప్పు వంటవాళ్ళది కాదు, నేను వాళ్ళకి చెప్పలేదు. బ్రిటన్‌లో వెజిటేరియన్ అంటే మాంసం, చేప ఉండకూడదు, లెక్క ప్రకారం జెలటిన్ కూడా ఉండకూడదు, కానీ గుడ్డూ పాలూ అందులో మామూలుగా ఉంటాయి. మన ఊళ్ళో శాకాహారం అంటే అందరికీ అర్థమయ్యేది అక్కడ ఎవరికీ అర్థం కాదు.

కాబట్టి గుడ్డు తిననివాళ్ళు రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవచ్చు. ఒకటి, ఫారంలో వీగన్ అని పెట్టడం. పాలు, పెరుగు, నెయ్యి వదులుకోవాల్సి వస్తుంది కానీ గుడ్డు, జెలటిన్, మాంసం రసం ఏవీ ప్లేటులోకి రావు, ఇదే అన్నిటికంటే నమ్మకమైన దారి. రెండు, వెజిటేరియన్ అని పెట్టి, పక్కనున్న ఖాళీలో ‘గుడ్డు తినను, జెలటిన్ తినను, పాలూ వెన్నా పర్వాలేదు’ అని ఇంగ్లీషులో విడమర్చి రాయడం. ఖాళీ లేకపోతే కేటరింగ్ ఆఫీసుకి రెండు లైన్ల మెయిల్ పెట్టండి. అలాంటి మెయిళ్ళు వాళ్ళకి రోజూ వస్తాయి, ఎవరూ విసుక్కోరు.

ఇంకా కొన్ని దాక్కుని వచ్చేవి ఉన్నాయి. గ్రేవీ, జూ (మెనూలో jus) అని రాసినవి సాధారణంగా మాంసం ఉడికించిన రసంతో చేస్తారు. పార్మెసాన్ చీజ్‌లో దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ వాడతారు, పట్టింపు ఉన్నవాళ్ళు అడగాలి. వుస్టర్ సాస్‌లో చేపలుంటాయి. మూస్, పన్నాకోటా, చీజ్‌కేక్‌లాంటి తీపి వంటకాల్లో జెలటిన్ ఉండొచ్చు. క్రిస్మస్ పుడ్డింగ్‌లో జంతువుల కొవ్వు, బ్రాందీ రెండూ ఉండే అవకాశం ఉంది, ట్రైఫిల్ అనే తీపిలో షెర్రీ వైన్ పోస్తారు. బ్రిటన్ చట్టం ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాల గురించి వంటగదివాళ్ళు చెప్పగలగాలి. గుడ్డు, పాలు, చేప, వేరుశనగ, నువ్వులు, ఆవాలు అన్నీ అందులో ఉన్నాయి, పంది, గొడ్డు జెలటిన్ మాత్రం ఆ జాబితాలో లేదు. అందుకే మెనూలో అలర్జీల పట్టీ చూసి నిశ్చింతగా ఉండకుండా జెలటిన్ గురించి విడిగా అడగండి.

మాంసం తినేవాళ్ళకి కూడా ఒక మాట. బీఫ్, పోర్క్ తిననివాళ్ళు ఆ సంగతి ఫారంలోనే రాయాలి, బల్ల దగ్గర చెబితే ఆలస్యం అవుతుంది. హలాల్ కావాలంటే కాలేజీని ముందే అడగండి, కొన్ని కాలేజీలు ఏర్పాటు చేస్తాయి, లేనిచోట వెజిటేరియనో చేపో తీసుకోవచ్చు. బాతు, గొర్రె మాంసం లోపల గులాబీ రంగులో, మన లెక్కలో పచ్చిగా వడ్డిస్తారు. అది వాళ్ళ పద్ధతి, తినలేకపోతే వదిలేయండి. ఉప్పూ కారం మన నాలుకకి తక్కువే అనిపిస్తాయి. నేనైతే సాయంత్రం అయిదింటికి కొంచెం పెరుగన్నం తినేసి వెళ్ళేదాన్ని, ఆకలి మరీ నకనకలాడకపోతే రుచుల మీద, మాటల మీద మనసు పెట్టగలం.

ఈ ఫారం ముందు కూర్చున్నప్పుడల్లా నాకు రామానుజన్ గుర్తొచ్చేవాడు. 1914 ఏప్రిల్‌లో ఆయన కేంబ్రిడ్జ్ వచ్చి ట్రినిటీ కాలేజీలో చేరాడు. కాలేజీ వంటగది మీద నమ్మకం కుదరక తన గదిలోనే వండుకుని తిన్నాడు. ఆ ఏడాదే యుద్ధం వచ్చిపడింది, కావలసిన సరుకులు దొరక్క చాలా ఇబ్బంది పడ్డాడు. 1918లో అదే కాలేజీ ఆయన్ని ఫెలోగా ఎన్నుకుంది. తర్వాత హై టేబుల్ దగ్గర కూర్చునే హక్కు పొందిన మనిషి అన్నాళ్ళు ఒంటరిగా గదిలో వంట చేసుకున్నాడని తలచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. ఈ రోజు మనం రెండు లైన్లు రాస్తే చాలు, మన ప్లేటు మన పేరుతో వస్తుంది. రాయండి.

మూడో పని: గౌను, బట్టలు

గౌను గురించి మొదట మీ కాలేజీ మెయిల్‌లో ఏముందో చూడండి, కొన్ని కాలేజీల్లో గౌను అడగరు. అడిగేచోట అండర్‌గ్రాడ్యుయేట్లకి కాలేజీని బట్టి గౌను మారుతుంది, ఎక్కువ నలుపే, ట్రినిటీ వాళ్ళది ముదురు నీలం. కేంబ్రిడ్జ్ డిగ్రీ లేకుండా మాస్టర్స్‌కో పీహెచ్‌డీకో వచ్చినవాళ్ళకి వయసు లెక్క. 24 ఏళ్ళు నిండకపోతే బి.ఏ. గౌను, నిండితే ఎం.ఏ. గౌను, రెండింటికీ ముందు వేలాడే తాళ్ళు ఉండకూడదు, ఉంటే లోపలికి దాచెయ్యాలి. కొత్తది కొనాలంటే కింగ్స్ పరేడ్‌లో రైడర్ అండ్ ఎమీస్ అనే పాత దుకాణం ఉంది. ఏడాది కోర్సుకి వచ్చినవాళ్ళు కొత్తది కొనకండి. ఎం.సి.ఆర్. వాళ్ళనో సీనియర్లనో అడిగితే పాతది తక్కువలో దొరుకుతుంది, అరువు కూడా ఇస్తారు.

గౌను కింద ఏం వేసుకోవాలి? మగవాళ్ళకి సూటు, టై మామూలు. బ్లాక్ టై అని ప్రత్యేకంగా రాసిన రోజు తప్ప నల్ల బో టై అక్కర్లేదు. సూటు లేకపోతే ఊళ్ళోని చారిటీ షాపులకి (దానంగా వచ్చిన పాత వస్తువులు అమ్మే దుకాణాలకి) వెళ్ళండి, మంచి కోట్లు తక్కువ ధరకి దొరుకుతాయి. ఇండియా నుంచి వచ్చేటప్పుడే ఒక బంద్‌గలా తెచ్చుకుంటే ఇంకా మంచిది. మన సంప్రదాయ దుస్తులు ఫార్మల్‌కి చక్కగా సరిపోతాయి. చీర, పట్టు లంగా ఓణీ, చుడీదార్, షేర్వానీ, పంచె కండువా ఏదైనా సరే, శుభ్రంగా, పండగకి తయారైనట్టు ఉంటే చాలు.

చీర కట్టుకునేవాళ్ళకి నా అనుభవం నుంచి కొన్ని చెబుతాను, ఇవి ఇంకెక్కడా దొరకవు. చాలా పాత హాళ్ళలో కుర్చీలుండవు, పొడుగాటి బెంచీలుంటాయి, మధ్యలో కూర్చోవాలంటే కాలెత్తి బెంచీ దాటాలి. చీరతో అది కష్టం. కాస్త ముందు వెళ్ళి బెంచీ చివర చోటు చూసుకోండి. కొంగుని మడతలు పెట్టి భుజం దగ్గర గట్టిగా పిన్ను పెట్టండి, దాని మీద గౌను వేస్తే కొంగు వెనకాల గౌను కిందికి వెళ్ళి కదలకుండా ఉంటుంది. బల్ల మీద కొవ్వొత్తులుంటాయి, గౌను చేతులు వెడల్పుగా ఉంటాయి, ఎదుటివాళ్ళకి ఉప్పు అందించేటప్పుడు ఒక చేత్తో రెండో చేతి గౌనుని పట్టుకోండి. ఇది నిజంగా జాగ్రత్త పడాల్సిన విషయం, సింథటిక్ చీరైతే మరీను. నవంబరు చలికి చీర కింద థర్మల్ లెగ్గింగ్స్, పైన పొడుగు కోటు వేసుకోండి. కాలేజీ ఆవరణల్లో గుండ్రాళ్ళు పరిచిన బాటలుంటాయి కాబట్టి ఎత్తు మడమల చెప్పులు వద్దు. సైకిల్ మీద వెళ్ళేట్టయితే గౌను తొడుక్కోకుండా సంచిలో పెట్టుకోండి, చక్రంలో చిక్కుకుంటుంది. చీర కట్టుకుని సైకిల్ ఎక్కనే వద్దు, నడవండి.

నాలుగో పని: ఇంట్లో వారం రోజుల సాధన

కత్తి కుడి చేత్తో, ఫోర్కు ఎడమ చేత్తో. ఒక వారం పాటు రోజూ దోసెనో చపాతీనో కత్తీ ఫోర్కుతో కోసుకుని తినండి, చేతులకి అలవాటైపోతుంది. మనవాళ్ళకి అసలు ఇబ్బంది కోయడంలో లేదు, ఎడమ చేత్తో నోట్లో పెట్టుకోవడంలో ఉంది. చిన్నప్పటి నుంచి ఎడమ చేత్తో తినకూడదని అమ్మమ్మ చేత చీవాట్లు తిని పెరిగాం, చెయ్యి మొరాయిస్తుంది. అంత ఇబ్బందిగా ఉంటే కావలసినంత కోసుకుని కత్తి ప్లేటు అంచున పెట్టి, ఫోర్కుని కుడి చేతికి మార్చుకుని తినండి. అమెరికావాళ్ళు తినేది అలాగే, ఎవరూ ఏమీ అనుకోరు.

బల్ల మీద చెమ్చాలూ కత్తులూ వరసగా పేర్చి ఉంటాయి. బయటి వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కో వరసకి ఒక్కో జత వాడుకుంటూ లోపలికి రావాలి, అంతే. ప్లేటుకి పైన అడ్డంగా పెట్టినవి తీపి కోసం. చిన్న బ్రెడ్డు ప్లేటు మీ ఎడమ పక్కది, గ్లాసులు కుడి పక్కవి. ఇది మరిచిపోతే పక్కవాళ్ళ బ్రెడ్డు తినేస్తారు, గుర్తు పెట్టుకోండి. బ్రెడ్డుని మాత్రం చేత్తోనే తుంచాలి, కత్తితో కోయకూడదు. ముక్క తుంచి, ఆ ముక్కకి వెన్న రాసి, తిని, మళ్ళీ తుంచాలి. సూపు చప్పుడు చేయకుండా తాగాలి. మధ్యలో ఆగితే కత్తీ ఫోర్కూ ప్లేటులో విడివిడిగా పెట్టండి, తినడం పూర్తయితే రెండూ పక్కపక్కనే నిలువుగా చేర్చండి. మనం విస్తరాకు మడిచినట్టే, అది చూసి వాళ్ళు ప్లేటు తీసేస్తారు. తినడం అవకుండా చేర్చి పెడితే సగంలో ప్లేటు పోతుంది.

ఆ సాయంత్రం వరసగా ఏం జరుగుతుంది

ఫార్మల్‌కి అరగంట ముందు ఎం.సి.ఆర్. గదిలోనో బార్‌లోనో చేరతారు. దారి తెలియకపోతే గేటు దగ్గర పోర్టర్స్ లాడ్జ్‌లో, అంటే గేటు సిబ్బంది ఉండే గదిలో అడగండి, కాలేజీలో వాళ్ళకి తెలియనిది ఉండదు. వెళ్ళే దారిలో పచ్చిక మీద అడుగుపెట్టకండి, చాలా కాలేజీల్లో ఆ హక్కు ఫెలోలకే.

హాల్లోకి వెళ్ళాక మీ చోటు వెనక నిలబడండి, కూర్చోకండి. కొన్నిచోట్ల పేరు రాసిన కార్డులుంటాయి. కాసేపటికి గంట మోగుతుంది, అందరూ మౌనంగా నిలబడి ఉండగా ఫెలోలు నడిచొచ్చి హై టేబుల్ దగ్గర నిలుచుంటారు. ఎవరో ఒకరు లాటిన్‌లో ప్రార్థన చదువుతారు. కొన్ని కాలేజీల్లో పొడుగ్గా, కొన్నింటిలో ‘బెనెడిక్టుస్ బెనెడికాట్’ అని రెండే మాటలు. మా తాతగారు విస్తరి ముందు ఔపోసన పట్టేవారు, ఆ రెండు నిమిషాలూ ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు. ఇది అలాంటిదే. మీ మతం వేరైనా పర్వాలేదు, మౌనంగా నిలబడితే చాలు. ప్రార్థన అయ్యాక కూర్చోవాలి, కూర్చోగానే న్యాప్కిన్ విప్పి ఒళ్ళో పరుచుకోవాలి.

తర్వాతంతా బంతి పద్ధతే. మీ చుట్టుపక్కల వాళ్ళందరికీ వడ్డించేదాకా ఫోర్కు పట్టుకోవద్దు. మీది వీగన్ ప్లేటైతే కాస్త ముందో వెనకో వస్తుంది, ఆలస్యమైతే ‘మీరు కానివ్వండి’ అని పక్కవాళ్ళకి చెప్పడం మర్యాద. వడ్డించేవాళ్ళకి ప్లేటు తెచ్చినప్పుడూ తీసినప్పుడూ థాంక్యూ చెప్పండి. వాళ్ళలో కొందరు మీలాంటి విద్యార్థులే అయి ఉండొచ్చు. మధ్యలో లేచి బయటికి వెళ్ళడం బాగుండదు కాబట్టి బాత్‌రూమ్ పని ముందే చూసుకోండి. ఆరోగ్య కారణం ఉంటే మాత్రం మొహమాట పడకుండా నెమ్మదిగా లేచి వెళ్ళండి. ఫోను సంచిలోనే ఉండాలి. ఫొటోలు తినడానికి ముందు బయట ఆవరణలోనో, అంతా అయ్యాకనో. చాలా హాళ్ళలో విందు మధ్యలో ఫొటోలు ఒప్పుకోరు.

చివర్లో మళ్ళీ గంట, మళ్ళీ అందరూ నిలబడటం, చిన్న ప్రార్థన, ఫెలోలు వెళ్ళిపోవడం. వాళ్ళు వెళ్ళేదాకా ఎవరూ కదలకూడదు. బంతిలో పెద్దవాళ్ళు లేవకముందు మనం లేవం కదా, అదే ఇది.

మాటలు

ఈ భోజనంలో తినేది అరగంట, మిగిలిందంతా మాటలే. అటు పక్కవాళ్ళతోనూ ఇటు పక్కవాళ్ళతోనూ సమంగా మాట్లాడాలి, ఒకరికే అతుక్కుపోతే రెండోవాళ్ళు ఒంటరి అవుతారు. ‘వాట్ ఆర్ యూ రీడింగ్’ అని అడిగితే ఏ పుస్తకం అని కాదు, ఏ సబ్జెక్టు చదువుతున్నారని. మీ పరిశోధన గురించి ఇంటి పక్క అత్తయ్యకి చెప్పినట్టు రెండు వాక్యాల్లో చెప్పడం ముందే తయారు చేసుకోండి, ఆ రెండు వాక్యాలు ఏడాది పొడుగునా పనికొస్తాయి. ఫెలోలు పక్కన కూర్చుంటే సార్, మేడమ్ అనక్కర్లేదు. మొదటిసారి ప్రొఫెసర్ ఫలానా అని ఇంటిపేరుతో పిలవండి, వాళ్ళు పేరు పెట్టి పిలవమంటే అలాగే పిలవండి. మొదట్లో నాకు నోరు తిరిగేది కాదు, అలవాటు పడటానికి ఒక టర్మ్ పట్టింది.

జీతం ఎంత, పెళ్ళయిందా, పిల్లలెందుకు లేరు అనే ప్రశ్నలు మనకి ఆప్యాయత, అక్కడివాళ్ళకి ఇబ్బంది. అవి వదిలేసి ఊరు, తిండి, చదువు, సెలవులు అడగండి. మన ఊరి గురించి చెప్పడానికి సిగ్గుపడొద్దు. కట్టమంచి రామలింగారెడ్డి గారు చదివింది ఇక్కడి సెయింట్ జాన్స్ కాలేజీలోనే, ఆయనే తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. సెయింట్ జాన్స్ విద్యార్థి పక్కన కూర్చున్నప్పుడు నేను ఈ సంగతి చెబితే, ఆ అబ్బాయి విందు అయ్యేదాకా తెలుగు గురించే అడుగుతూ కూర్చున్నాడు.

వైన్, పెన్నీలు, పోర్ట్

తాగకపోవడం తప్పు కాదు. తాగనివాళ్ళు ప్రతి బల్ల దగ్గరా ఉంటారు. పోయడానికి వస్తే గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి ‘నాకొద్దు, థాంక్యూ’ అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు. రాజుగారి పేరున నిలబడి టోస్ట్ చెప్పే సందర్భం వస్తే నీళ్ళ గ్లాసు ఎత్తండి. తాగేవాళ్ళైతే ఖాళీ కడుపుతో మొదలుపెట్టొద్దు. కొన్ని కాలేజీల్లో మీ సీసా మీరే తెచ్చుకోవచ్చు, ఎంత తేవచ్చో నియమం ఉంటుంది, చదవండి.

పెన్నీయింగ్ అని విద్యార్థుల్లో ఒక ఆట ఉంది. మీ గ్లాసులో ఎవరైనా పెన్నీ నాణెం పడేస్తే ఆ గ్లాసు మొత్తం ఒక్క గుక్కలో తాగాలట. చాలా కాలేజీలు దీన్ని నిషేధించాయి, నాణెం గొంతులో ఇరుక్కుంటే ప్రాణానికే ప్రమాదం. మీ గ్లాసులో పడితే తాగకండి, గ్లాసు పక్కన పెట్టి వేరేది అడగండి. ఎవరైనా బలవంతపెడితే గట్టిగా వద్దనండి. కొత్తగా వచ్చాం, కాదంటే కలుపుకోరేమో అని ఒప్పుకున్నవాళ్ళని చూశాను, ఆ మొహమాటం ఏమాత్రం అవసరం లేదు.

పెద్ద విందుల్లో చివర పోర్ట్ అనే తియ్యటి వైన్ సీసా తిరుగుతుంది, అది ఎప్పుడూ ఎడమ వైపుకే పోవాలి. మీరు పోసుకోకపోయినా ఎడమ పక్కవాళ్ళకి అందించండి, మీ దగ్గర ఆపేస్తే అవతలివాళ్ళు ఎదురుచూస్తుంటారు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేటప్పుడు

పట్టా పండక్కో, ఊరికే చూడటానికో అమ్మానాన్నలు వస్తే ఒక్క రాత్రైనా ఫార్మల్‌కి తీసుకెళ్ళండి, అతిథి టికెట్టు ఖరీదైనా సరే. కాలేజీ బయటి అతిథులకి గౌను అక్కర్లేదు. వాళ్ళ తిండి నియమాలు మీరే ఫారంలో రాయాలి, పైన చెప్పినవన్నీ వాళ్ళ పేరున మళ్ళీ. బెంచీలున్న హాలైతే చివర చోటు వాళ్ళకి, మధ్యలో మీరు. నాన్నకి మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీ కావాలని కేటరింగ్ వాళ్ళకి ముందే మెయిల్ పెట్టండి. కత్తీ ఫోర్కూ గురించి ముందురోజు గదిలో ఒకసారి చూపించండి, అక్కడ అందరి ముందు నేర్పబోతే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. విమానం దిగిన రోజు మాత్రం వద్దు, రాత్రి ఎనిమిదింటికే నిద్ర ముంచుకొస్తుంది.

మా నాన్న తెల్ల పంచె, జరీ కండువాతో వచ్చారు. పక్కన కూర్చున్న రిటైరైన ఫెలో ఒకాయన వరి సాగు గురించి అడగడం మొదలుపెట్టారు. నాన్న ఇంగ్లీషు అంతంతమాత్రం, నేను మధ్యలో తెలుగులోంచి ఇంగ్లీషులోకి మాట అందిస్తూ నా ప్లేటు సగం కూడా తినలేదు. లేచేటప్పుడు బల్ల మీది మెనూ కార్డు తీసుకుని వెనక ఆ ఫెలో చేత పేరు రాయించుకున్నారు. మెనూ కార్డులు అలా ఇంటికి తీసుకెళ్ళొచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. మీరు కూడా ప్రతిసారీ ఒకటి తెచ్చుకుని, పక్కన ఎవరు కూర్చున్నారో వెనక రాసిపెట్టుకోండి, మర్నాడు వాళ్ళకి మెయిల్ పెట్టాలంటే పేరు స్పెల్లింగ్ కావాలి కదా.